వంతెన కట్టిన ఇల్లాలు

1996లో ఖమ్మంలో మేం ఇల్లు మొదలుపెట్టాం. మా ఆయనది బ్యాంకు ఉద్యోగం. పునాదులు తీసిన నెలకే శ్రీకాకుళం బదిలీ అయింది. ఇంకేముంది, ఇల్లు కట్టించే బాధ్యత నా నెత్తిన పడింది. పిల్లలిద్దర్నీ బడికి పంపి, క్యారియర్ కట్టుకుని పనిదగ్గరికి వెళ్లేదాన్ని. వెళ్లి ఏం చేసేదాన్నంటారా? వేపచెట్టు నీడన కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని, అంతే.

ఒకరోజు మాలు కలుపుతుంటే ఊరికే ఉండలేక, బస్తా సిమెంటుకి ఎన్ని తట్టల ఇసుక పోస్తున్నారని అడిగాను. మేస్త్రీ నవ్వేశాడు. ఇవన్నీ మీకెందుకమ్మా, సారు వచ్చినప్పుడు చెబుతాలెండి అన్నాడు. పాపం, చెడ్డవాడేం కాదు. ఆడవాళ్లకి ఇసుక లెక్కలతో పనేంటన్నది అతని నమ్మకం. నిజం చెప్పొద్దూ, అప్పటికి నా నమ్మకమూ అదే. కానీ డబ్బు మాది, అప్పు మాది, రేపు ఆ కప్పు కింద పడుకోవాల్సింది మేము. మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంది.

ఆ ఆదివారం మా తమ్ముడొచ్చాడు. వాడు సివిల్ ఇంజనీరు. నా గోడు విని ఓదారుస్తాడనుకున్నాను. వాడు అదేం చెయ్యకుండా, నూరేళ్ల కిందటి ఒక అమెరికా ఇల్లాలి కథ చెప్పాడు. మంచం పట్టిన మొగుడి తరఫున ఆవిడ ప్రపంచంలోకెల్లా పెద్ద వంతెన పని నడిపించిందట. ఆవిడ పేరు ఎమిలీ వారెన్ రోబ్లింగ్. అప్పటినుంచీ ఆవిడ గురించి ఎక్కడ ఏం దొరికినా చదువుతూనే ఉన్నాను. ఇల్లు కట్టించే ప్రతి ఆడమనిషికీ ఆవిడ జీవితం తెలియాలనిపించి ఇదిగో, ఇప్పుడు మీకు చెబుతున్నాను.

పన్నెండుమందిలో పదకొండో బిడ్డ

ఎమిలీ 1843 సెప్టెంబర్ 23న న్యూయార్క్ రాష్ట్రంలో, హడ్సన్ నది ఒడ్డునున్న కోల్డ్ స్ప్రింగ్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. పన్నెండుమంది సంతానంలో పదకొండోది. మన పాత ఇళ్లల్లోలాగే ఆ ఇంటికీ పెద్దన్నయ్యే పెద్దదిక్కు. పేరు గవర్నూర్ వారెన్. సైన్యంలో ఇంజనీరు. చెల్లెలంటే ప్రాణం. తండ్రి పోయాక ఆమెని వాషింగ్టన్ దగ్గరి జార్జ్‌టౌన్ కాన్వెంట్లో చేర్పించి చదివించాడు. ఆ కాలం ఆడపిల్లల బళ్లలో చదువుతోపాటు కుట్లు, సంగీతం, ఇంటిపనీ నేర్పేవారు. ఇంజనీరింగ్ మాట మాత్రం ఎవరి నోటా వచ్చేది కాదు. ఆ తలుపు ఆడవాళ్లకి మూసే ఉండేది.

అమెరికా అంతర్యుద్ధం రోజులవి. 1864లో సైనిక శిబిరంలో ఉన్న అన్నయ్యని చూడడానికి వెళ్లింది ఎమిలీ. అక్కడ ఒక విందులో అన్నయ్య దగ్గర పనిచేసే యువ అధికారి వాషింగ్టన్ రోబ్లింగ్ పరిచయమయ్యాడు. చూపులు కలిశాయి. ఉత్తరాలు నడిచాయి. 1865 జనవరిలో పెళ్లయింది.

ఆమె మెట్టింది మామూలు ఇంట్లో కాదు. మామగారు జాన్ రోబ్లింగ్ జర్మనీ నుంచి వలస వచ్చిన ఇంజనీరు. ఇనుప తీగలతో తాళ్లు పేనే ఫ్యాక్టరీ పెట్టి, ఆ తాళ్లతో నదులమీద వేలాడే వంతెనలు కట్టిన ఘనుడు. న్యూయార్క్‌కీ బ్రూక్లిన్‌కీ మధ్య ఈస్ట్ రివర్ మీద వంతెన కట్టాలన్నది ఆయన కల. అప్పట్లో అవి రెండూ వేరువేరు నగరాలు. జనమంతా పడవల మీదే అటూ ఇటూ తిరిగేవాళ్లు. చలికాలం నది గడ్డకట్టిందంటే బతుకు స్తంభించిపోయేది.

నది అడుగున పునాది ఎలా వెయ్యాలో తెలుసుకురమ్మని 1867లో కొడుకునీ కోడల్నీ యూరప్ పంపించాడాయన. అప్పటికి ఎమిలీ గర్భవతి. మామగారి సొంతూరు మ్యూల్‌హౌజెన్‌లోనే ఆ నవంబర్లో కొడుకు పుట్టాడు. తాతగారి పేరే పెట్టుకున్నారు. భర్త పునాదుల గురించి ఆరా తీస్తుంటే ఆవిడ పక్కనే ఉంది. ఆ ప్రయాణం తన జీవితానికే పునాది అవుతుందని అప్పుడు ఆవిడకి మాత్రం ఏం తెలుసు?

వరసగా దెబ్బలు

1869 జూన్‌లో జాన్ రోబ్లింగ్ రేవు దగ్గర నిలబడి వంతెన ఎక్కడ రావాలో కొలతలు చూసుకుంటున్నాడు. ఒడ్డుకొచ్చిన పడవకీ రేవు దుంగలకీ మధ్య ఆయన పాదం నలిగిపోయింది. వేళ్లు తీసెయ్యాల్సి వచ్చింది. డాక్టర్ల మాట వినకుండా తన నీళ్లవైద్యమే తనదన్నాడు. ధనుర్వాతం కమ్మి జులై 22న కన్నుమూశాడు. అంత పెద్ద పని 32 ఏళ్ల వాషింగ్టన్ భుజాల మీద పడింది. ఎమిలీకి అప్పటికి పాతికేళ్లు.

1870 జనవరిలో పని మొదలైంది. పునాది ఎలా వేశారో చెప్తాను, వినండి. గ్లాసుని బోర్లించి నీళ్లలో ముంచితే లోపల గాలి నిలిచిపోతుంది కదా? అలాగే 168 అడుగుల పొడవు, 102 అడుగుల వెడల్పు ఉన్న కొయ్యపెట్టెని బోర్లించి నదిలోకి దించారు. దాన్ని కైసన్ అంటారు. నీళ్లు లోపలికి రాకుండా ఒత్తిడితో గాలి కొడుతుంటే, కూలీలు అందులో దిగి మట్టీ రాళ్లూ తవ్వేవాళ్లు. తవ్వేకొద్దీ పెట్టె కిందికి దిగేది. పైన రాతి టవరు పెరిగేది.

1870 డిసెంబర్లో ఆ పెట్టె పైకప్పుకి కొవ్వొత్తి మంట అంటుకుంది. వాషింగ్టన్ గంటల తరబడి లోపలే ఉండి మంట ఆర్పించాడు. చివరికి పెట్టెనంతా నీళ్లతో నింపాల్సి వచ్చింది. ఆ తర్వాత ఆయన చేసిన పని గమనించండి. మంట ఆరిపోయింది కదా అని ఊరుకోలేదు. కప్పు లోపల దుంగల్లో నిప్పు ఎంతదూరం పాకిందో తొలిపించి చూశాడు. బొగ్గయిన చెక్కనంతా గీకించి, ఆ ఖాళీల్లో కొత్త చెక్కా సిమెంటూ పట్టించాడు. వడ్రంగులు వారాల తరబడి అదే పని. పైన టవరు లేచాక ఆ కప్పు ఇక ఎవరికీ కనిపించదు. కనిపించనిదానికి అంత శ్రమెందుకని ఎవరైనా అనొచ్చు. కానీ నాణ్యత అంటే అదే. ఎవరూ చూడని చోట ఏం చేశామన్నదే లెక్క.

న్యూయార్క్ వైపు పెట్టె ఇంకా లోతుకి దిగింది. అక్కడినుంచి పైకొచ్చిన కూలీలు కీళ్ల నొప్పులతో మెలికలు తిరిగిపోయేవారు. సోడాబుడ్డి మూత తీయగానే బుడగలు పొంగుతాయి చూశారా? ఒత్తిడిలోంచి ఒక్కసారిగా బయటికొస్తే రక్తంలో అలాంటి బుడగలే పుడతాయి. నెమ్మదిగా పైకి తేవాలన్న సంగతి అప్పటికి ఎవరికీ సరిగ్గా తెలీదు. 1872లో వరసగా మనుషులు పోవడం మొదలైంది. గట్టి రాయి తగిలేదాకా తవ్వాలన్నది మొదటి ఆలోచన. 78 అడుగుల లోతులో ఇసుక ఏళ్ల తరబడి కదలకుండా గట్టిపడి ఉందని పరీక్షించి చూసి, వాషింగ్టన్ అక్కడే ఆపించేశాడు. ఇంకా తవ్వితే ఇంకెన్ని ప్రాణాలు పోయేవో!

కానీ పదేపదే లోపలికి దిగిన ఆయన్ని కూడా ఆ జబ్బు వదల్లేదు. నడక పోయింది. చూపు మందగించింది. చిన్న శబ్దం కూడా భరించలేని స్థితి. 1872 ఏడాది చివరికి మంచం పట్టాడు.

కొంగు బిగించింది

ఇక్కడే ఎమిలీ అసలు కథ మొదలవుతుంది. భర్తకి తను బతుకుతానన్న నమ్మకం లేదు. వంతెన ఎలా పూర్తి చెయ్యాలో చెప్పకుండా పోతానేమోనన్న బెంగ. ఆయన చెబుతుంటే ఆవిడ రాసింది. ఏ రాయి ఎక్కడ, ఏ తీగ ఎలా, ఏ పనిముట్టు ఎప్పుడు అని ఒక్కొక్కటీ వివరంగా. వైద్యం కోసం 1873లో జర్మనీ తీసుకెళ్లింది, తీసుకొచ్చింది. తర్వాత బ్రూక్లిన్లో నదికి ఎదురుగా కొలంబియా హైట్స్‌లో కాపురం పెట్టారు. ఆయన కిటికీ దగ్గర కూర్చుని దూరదర్శినితో పని చూసేవాడు. ఆవిడ పనిచోటికి వెళ్లేది.

చాలామంది ఇక్కడే పొరబడతారు. భర్త చెప్పిన మాట అక్కడ అప్పజెప్పి వచ్చే దూత అనుకుంటారు. మొదట్లో అంతేనేమో. కానీ అప్పజెప్పే మాట అర్థం కాకపోతే, అవతలివాడు తిరిగి ఒక ప్రశ్న వేస్తే నోరు మూతపడుతుంది కదా? ఆ సంగతి ఆవిడకి త్వరగానే తెలిసొచ్చింది. అందుకే కూర్చుని చదివింది. గణితం, ఏ పదార్థం ఎంత బరువు మోస్తుందన్న లెక్కలు, వేలాడే తీగ ఏ వంపు తిరుగుతుందన్న శాస్త్రం, కేబుళ్లు పేనే పద్ధతి అన్నీ నేర్చుకుంది. కాలేజీ మెట్టెక్కకుండానే, ఒకపక్క రోగికి సేవ చేస్తూ, ఇంకోపక్క పిల్లాణ్ణి పెంచుకుంటూ.

కొన్నాళ్లకి అసిస్టెంట్ ఇంజనీర్లు తమ సందేహాలు ఆవిడతోనే చర్చించేవారు. ఉక్కు భాగాలు చేసే కంపెనీల ప్రతినిధులు, ఒక భాగం ఎలా రావాలో తేల్చుకోలేక భర్త దగ్గరికొస్తే, ఆవిడే కాగితం మీద బొమ్మ గీసి చూపించి పంపేది. ఉత్తరాలన్నీ ఆవిడ చేతిరాతలోనే వెళ్లేవి. వచ్చినవన్నీ వరసగా పెట్టేది. అసలు చీఫ్ ఇంజనీరు ఆవిడేనన్న గుసగుస ఊరంతా పాకింది.

నిజాయితీగా ఒక మాట చెప్పాలి. వంతెన రూపం మామగారిది. అందులోని లెక్కలు, నిర్ణయాలు భర్తవి. ఆ ఘనత ఆవిడకి అంటగడితే ఆవిడే ఒప్పుకోదు. కానీ పదకొండేళ్లపాటు ఆ నిర్ణయాలు కాగితం నుంచి పనిచోటికీ, పనిచోటి సంగతులు మంచం దగ్గరికీ ఒక్క అక్షరం తేడా రాకుండా చేర్చడం మాటలా? ఎంత మంచి ప్లానైనా మధ్యలో మాట మారితే మట్టికొట్టుకుపోతుంది. ఇల్లు కట్టించినవాళ్లెవరైనా ఆ మాట ఒప్పుకుంటారు.

చూపించిన తీగ ఒకటి, తెచ్చిన తీగ ఒకటి

వంతెన బరువంతా మోసేవి నాలుగు పెద్ద కేబుళ్లు. ఒక్కో కేబులూ పెన్సిలుకన్నా సన్నటి వేల ఉక్కు తీగల కట్ట. తీగ కాంట్రాక్టు ఎవరికివ్వాలన్న మాటొచ్చింది. రోబ్లింగ్‌లకే సొంత ఫ్యాక్టరీ ఉంది. అయితే వంతెన అధికారులకి వాటా ఉన్న కంపెనీకి ఇవ్వకూడదని ట్రస్టీల్లో పెద్దమనిషి ఏబ్రమ్ హెవిట్ పట్టుబట్టాడు. వాషింగ్టన్ తన వాటాలు అమ్మేసుకున్నాడు. చివరికి కాంట్రాక్టు తక్కువ ధర వేసిన లాయిడ్ హేగ్ అనే బ్రూక్లిన్ వ్యాపారికి దక్కింది. హేగ్ ఫ్యాక్టరీ తనఖా హెవిట్ చేతిలోనే ఉందన్నది వేరే సంగతి!

తీగ ప్రతి చుట్టనీ ఫ్యాక్టరీలో వంతెనవాళ్ల ఇన్‌స్పెక్టర్ పరీక్షించి చీటీ ఇవ్వాలి. అప్పుడే బండెక్కాలి. పద్ధతి బాగానే ఉంది కదా? కానీ 1878 వేసవిలో పనిచోట పెళుసు తీగ కనబడింది. అనుమానం వచ్చి బండ్ల మీద నిఘా పెడితే గుట్టు రట్టయింది. పరీక్షలో నెగ్గిన మంచి తీగతో బయల్దేరిన బండి దారిలో ఒక కొట్టు దగ్గర ఆగేది. మంచి తీగ దిగేది. చెత్త తీగ ఎక్కేది. చీటీ మాత్రం అదే! దిగిన మంచి తీగ మళ్లీ ఫ్యాక్టరీకి వెళ్లి మళ్లీ పరీక్షకి నిలబడేది. ఒకే పెళ్లికూతుర్ని పదిమందికి చూపించినట్టు.

అప్పటికే 200 టన్నులకి పైగా పనికిరాని తీగ కేబుళ్లలో కలిసిపోయింది. పేనేసిన తీగని విప్పి తియ్యడం సాధ్యం కాదు. ఏం చెయ్యాలి? ఇక్కడ వాషింగ్టన్ ముందుచూపు ఆదుకుంది. కేబుళ్లు అవసరానికి ఆరింతలు బలంగా ఉండేలా ఆయన మొదట్లోనే లెక్క వేశాడు. దొంగ తీగ పోను కూడా సుమారు అయిదింతల బలం ఉంటుందని తేలింది. అయినా వదల్లేదు. ఒక్కో కేబుల్‌కి మొదటి లెక్క 5,282 తీగలైతే, దానిమీద దాదాపు మరో 150 మంచి తీగలు హేగ్ ఖర్చుతోనే చేర్పించారు. ఆ చెత్త తీగ ఇవాళ్టికీ ఆ కేబుళ్లలోనే ఉంది. వంతెన నిలబడే ఉంది. హేగ్ మాత్రం తర్వాత మరో మోసం కేసులో జైలుకెళ్లాడు.

ఈ కథ విన్న వారానికే నాకూ అదే అనుభవమైంది. ఇసుక కొట్లో బంగారంలాంటి ఇసుక చూపించారు. బేరం కుదిరింది. లారీ వచ్చింది. పైకి బాగానే ఉంది. మా తమ్ముడు చెప్పినట్టు గాజుగ్లాసులో సగం ఇసుకపోసి, నీళ్లు నింపి, బాగా కదిపి మూడు గంటలు పక్కన పెట్టాను. ఇసుక మీద ఇంత మందాన బురద తేరుకుంది. రెండో లారీని గుమ్మంలోంచే వెనక్కి పంపించేశాను. మేస్త్రీ నోరెళ్లబెట్టాడు. అయితే అంతకుముందు దిగిన మొదటి లారీ ఇసుక అప్పటికే వంటింటి గోడ ప్లాస్టరింగ్‌కి వాడేశారు. ఆ గోడ ఇప్పటికీ పెచ్చులూడుతూనే ఉంటుంది. పెచ్చు రాలినప్పుడల్లా నాకు హేగ్ గుర్తొస్తాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటు

1882 వచ్చేసరికి జనానికి ఓపిక నశించింది. ఖర్చు పెరిగింది. గడువు దాటింది. పదేళ్లుగా పనిచోట మొహం చూపించని చీఫ్ ఇంజనీరు మనకెందుకన్నారు. అసలాయనకి మతి స్థిమితంగా ఉందా అని కూడా అన్నారు. బ్రూక్లిన్ మేయర్ సేత్ లో ఆయన్ని తప్పించాలని తీర్మానం తెచ్చాడు.

అదే ఆగస్టులో ఎమిలీకి ప్రాణంలాంటి అన్నయ్య పోయాడు. యుద్ధం చివర్లో పై అధికారి ఆయన్ని పదవిలోంచి అన్యాయంగా తప్పిస్తే, విచారణ కోసం ఏళ్ల తరబడి పోరాడాడు. ఆయన తప్పు లేదన్న తీర్పు బయటికొచ్చింది, కానీ ఆయన పోయిన తర్వాత! పరువు పోయిన మగవాడి బాధ ఎలా ఉంటుందో ఆవిడ పుట్టింట్లో చూసింది. అదే అవమానం భర్తకి జరగకూడదని నిశ్చయించుకుంది. భర్త పక్షాన ట్రస్టీలకి ఉత్తరాలు రాసింది. పని ఎక్కడిదాకా వచ్చిందో, ఎవరు అడిగినా వివరాలు ఆవిడ వేళ్ల చివర ఉండేవి. సెప్టెంబర్లో ఓట్లు వేస్తే ఏడుకి పది. వాషింగ్టన్ నిలబడ్డాడు. మూడే మూడు ఓట్ల తేడా!

వంతెన పూర్తయ్యాక మొదట బండిలో దాటే గౌరవం ఎమిలీకే ఇచ్చారు. విజయానికి గుర్తుగా ఒళ్లో కోడిపుంజుని పెట్టుకుని దాటిందని చెబుతారు. పని ఆపి టోపీలు తీసి కూలీలు జేజేలు కొట్టారట. 1883 మే 24న ప్రారంభోత్సవం. అధ్యక్షుడు చెస్టర్ ఆర్థర్ వచ్చాడు. రెండు టవర్ల మధ్య దూరం 1,595 అడుగులు. అప్పటికి ప్రపంచంలో అంత పొడవు వేలాడే వంతెన లేదు. భర్త సభకి రాలేని స్థితి. అధ్యక్షుడే వాళ్లింటికి వెళ్లి అభినందించాడు. తీగ కాంట్రాక్టు గొడవలో మనం చూసిన ఆ హెవిట్టే సభలో ఎమిలీ పేరెత్తి పొగిడాడు. ఇంతకాలం ఆడవాళ్లకి అందకుండా చేసిన పెద్ద చదువులకి వాళ్లు ఎంత తగినవాళ్లో ఈ వంతెనే చెబుతుందన్నాడు.

వారం తిరక్కుండానే మే 30న వంతెన మీద తొక్కిసలాట జరిగి 12 మంది చనిపోయారు. వంతెన కూలుతోందన్న వదంతే కారణం. వంతెనలో ఏ లోపమూ లేదు. అయినా జనం గుండెల్లో భయం పోవాలి కదా? మరుసటేడు మే నెలలో సర్కస్ యజమాని బార్నమ్ 21 ఏనుగుల్ని దానిమీద నడిపించాడు. వంతెన చెక్కుచెదర్లేదు.

వంతెన తర్వాత

ఇంతటి పని అయ్యాక ఎవరైనా విశ్రాంతి తీసుకుంటారు. ఎమిలీ తీసుకోలేదు. ట్రెంటన్‌లో ఇల్లు కట్టుకున్నారు. మహిళా సంఘాల్లో పనిచేసింది. 1896లో రష్యా చక్రవర్తి పట్టాభిషేకానికి వెళ్లొచ్చింది. 1898 యుద్ధం నుంచి జబ్బులతో తిరిగొచ్చిన సైనికులకి సేవ చేసింది. 55 ఏళ్లు దాటాక న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఆడవాళ్ల కోసం పెట్టిన న్యాయశాస్త్ర తరగతిలో చేరి 1899లో సర్టిఫికెట్ తీసుకుంది. అక్కడ ఆవిడ రాసిన వ్యాసానికి బహుమతి వచ్చింది. విషయం ఏంటో తెలుసా? పెళ్లయిన ఆడదానికి చట్టం పెట్టిన ఆంక్షలు. కోట్ల విలువైన వంతెన పని నడిపించిన మనిషికి ఆ చట్టాలు ఎలా కనిపించి ఉంటాయో ఊహించుకోండి.

1903 ఫిబ్రవరి 28న కడుపులో క్యాన్సర్‌తో ఎమిలీ కన్నుమూసింది. వయసు 59. నేడో రేపో అనుకున్న ఆ రోగిష్టి భర్త మాత్రం 1926 దాకా బతికాడు.

ఎమిలీ పోయేనాటికి ఎడ్వర్డ్స్ డెమింగ్ రెండేళ్ల పసివాడు. ఆయనే పెద్దయ్యాక, 1950 నుంచి జపాన్ వాళ్లకి నాణ్యత పాఠాలు చెప్పాడు. ఆ పాఠాల బాటలోనే తర్వాత టోటల్ క్వాలిటీ మేనేజ్‌మెంట్ అన్న పేరొచ్చింది. పెద్ద నిర్మాణ కంపెనీలన్నీ ఇప్పుడా మాట జపిస్తుంటాయి. మా తమ్ముణ్ణి అడిగితే దాని సారం మూడు ముక్కల్లో చెప్పాడు. ఒకటి, ధర తక్కువన్న ఒక్క కారణంతో సరుకు కొనకూడదు. రెండు, అంతా అయ్యాక తప్పులు వెతకడం కాదు, అడుగడుగునా తప్పు జరక్కుండా చూసుకోవాలి. మూడు, నాణ్యత ఒక్క ఇన్‌స్పెక్టర్ పని కాదు, కూలీ నుంచి యజమాని దాకా అందరిదీ. విన్నాక నాకేమనిపించిందో తెలుసా? ఈ మూడూ బ్రూక్లిన్ వంతెన కథలోనే ఉన్నాయి కదా అని!

అక్కచెల్లెళ్లకి నాలుగు మాటలు

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు. ఇల్లు కట్టిస్తున్న ఆడవాళ్లకి నేను నేర్చుకున్నవి చెబుతాను.

సిమెంటు బస్తా మీద తయారైన వారం, నెల చూడండి. మూడు నెలలు దాటినది వద్దు. ఇనుము కొనేటప్పుడు ఐఎస్ఐ గుర్తు చూడండి. కొట్లో చూసిన నమూనా కాదు, గుమ్మంలోకి వచ్చిన సరుకు పరీక్షించండి. మాలు, కాంక్రీటు కలిపేటప్పుడు తట్టలు మీరే లెక్కపెట్టండి. నీళ్లు కలిపాక అరగంటలోపే వాడెయ్యాలి. గట్టిపడిందని మళ్లీ నీళ్లు పోసి కలపనివ్వకండి. పని తేలికవుతుందని కాంక్రీటులో నీళ్లు ఎక్కువ పోస్తే బలం తగ్గిపోతుంది. స్లాబు పోసే ముందు ఊచల మధ్య దూరం ప్లానులో ఉన్నట్టుందో లేదో టేపు పెట్టి కొలవండి. పోశాక మడులు కట్టి కనీసం రెండు వారాలు నీళ్లు నిలపండి. అన్నిటికన్నా ముఖ్యం, ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఏ రోజు ఏం వచ్చింది, ఎవరు తెచ్చారు, ఏం పని జరిగింది రాసుకోండి. ఎమిలీ ఆయుధం కూడా కలమే!

మా మేస్త్రీ సంగతి చెప్పలేదు కదూ. స్లాబు రోజుకి అతను పూర్తిగా మారిపోయాడు. తట్టల లెక్క నేను అడగకముందే అతనే చెప్పేవాడు. తర్వాత వేరేచోట పనిచేస్తూ, ఇసుక ఎలా చూడాలో ఆ ఇంటావిడకి నేర్పించమని నన్ను పిలిపించాడు కూడా.

2019లో న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి నన్ను ఆ వంతెన మీదికి తీసుకెళ్లింది. కార్లు పుట్టకముందు కట్టిన వంతెన మీద కార్లు బారులు తీరి పోతున్నాయి. టవరు మీద 1951లో బ్రూక్లిన్ ఇంజనీర్ల క్లబ్బు పెట్టించిన ఫలకం ఉంది. మామగారి పేరు, భర్త పేరు, వాటితోపాటు ఎమిలీ పేరు. ప్రతి గొప్ప పని వెనకా ఒక స్త్రీ త్యాగం ఉంటుందన్న అర్థంతో దాని మీద రాశారు. మా అమ్మాయి చదివి మురిసిపోయింది. నాకు మాత్రం కొంచెం వెలితిగా అనిపించింది. త్యాగమే అయితే మంచం పక్కన కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నా సరిపోయేది. ఆవిడ చేసింది అది కాదు. పని నేర్చుకుంది. తెలుసుకుని అడిగింది.

తల పైకెత్తి ఆ కేబుళ్ల వంక చూశాను. వాటిలో మంచి తీగ ఉంది, దొంగ తీగా ఉంది. ఏది ఏదో పైకి తెలీదు. మా వంటింటి గోడ గుర్తొచ్చి, అమ్మాయి చెయ్యి పట్టుకుని నెమ్మదిగా అవతలి ఒడ్డుకి నడిచాను.